రేస్ సిరీస్ కాంట్రాక్ట్‌కి సంతకం పెట్టే ముందు ఏం చూస్కోవాలి, పెట్టాక మాట ఎట్లా నిలబెట్టుకోవాలి

మా పిన్ని కొడుకు హిందూపురం నుంచి బెంగళూరొచ్చి నాలుగేళ్లయింది, డిగ్రీ చదువుతూ ట్రయాథ్లాన్‌లో పడ్డాడు, అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెనక ఒకటి చేసే రేస్, పొద్దున నాలుగున్నరకే లేచి పూల్‌కి పోతాడు, శనివారం సైకిలేసుకుని నంది హిల్స్, ఆదివారం బండ్లు రానివ్వరు కాబట్టి కబ్బన్ పార్క్‌లో రన్నింగ్, అదే వాడి లోకం. పోయినేడాది ఒక కంపెనీ వాడికి ఏడాదికి స్పాన్సర్‌షిప్ ఇస్తామంది. ఆరు రేసులు, ఆరింట్లోనూ వాళ్ల లోగో వేసుకుని దిగాలి, నెలకి ఇన్ని పోస్టులు పెట్టాలి. వాడు ఆ సంతోషంలో సరిగ్గా చదవకుండానే సంతకం పెట్టేశాడు. నాకు ఆ పేపర్ చూపించింది మూడు రేసులయ్యాక, డెంగీ వచ్చి మంచాన పడ్డాక.

జ్వరం తగ్గి మూడు వారాలు కూడా కాలేదు, నాలుగో రేస్ చెన్నై పక్కన, సముద్రం ఒడ్డునే పోయే ఈసీఆర్ రోడ్డు మీద. కంపెనీ తరఫు మనిషి ఫోన్ చేసి నువ్వు గెలవక్కర్లేదు, స్టార్ట్ లైన్‌లో నిలబడి ఫోటో దిగితే చాలు అన్నాడంట. వీడు వెళ్లాడు, ఈత అయింది, సైకిల్ సగంలో కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఆ తర్వాత నాలుగు నెలలు సరిగ్గా ట్రైనింగ్ లేదు. నేను ఆఫీసులో చేసే పనే కాంట్రాక్టులు చదవడం, పక్క గదిలో పడుకునే పిల్లాడి కాంట్రాక్ట్ మాత్రం చదవలేదు, ఆ బాధతోనే ఇది రాస్తున్నా. ఇట్లాంటి పిల్లలు ఇప్పుడు బెంగళూరులో, చెన్నైలో చాలామంది ఉన్నారు, మన తెలుగువాళ్లు కూడా బానే ఉన్నారు, వాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొస్తుందని.

నేను చెప్పేదంతా ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. అథ్లెట్ మాటివ్వగలిగేది రెండింటికే, ఒంట్లో బాగుంటే స్టార్ట్ లైన్‌కి వస్తానని, బాగోకపోతే ఉన్నదున్నట్టు చెప్తానని. ఒళ్లు ఎలా ఉంటుందో దానికి ఎవరూ మాటివ్వలేరు, కాబట్టి ఆ సంగతి సంతకానికి ముందే పేపర్ మీద ఉండాలి.

పెద్ద ప్రోలకి ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోండి

మన దగ్గర కాంట్రాక్టులు రాసేవాళ్లు బయట సిరీస్‌లు చూసే రాస్తున్నారు, అందుకని ఆ సిరీస్‌లు ఎట్లా నడుస్తాయో తెలిస్తే మన పేపర్ మనకి అర్థమవుతుంది. ప్రపంచంలో ఇప్పుడు లాంగ్ డిస్టెన్స్ ప్రోలకి, అంటే ఇదే వృత్తిగా పెట్టుకున్న ప్రొఫెషనల్ అథ్లెట్లకి, రెండు పెద్ద దారులున్నాయి.

ఒకటి టీ100. ప్రొఫెషనల్ ట్రయాథ్లీట్స్ ఆర్గనైజేషన్ అని, అందరూ పీటీఓ అంటారు, వాళ్లు 2024లో మొదలుపెట్టారు. 2 కిలోమీటర్ల ఈత, 80 సైకిల్, 18 రన్, మొత్తం 100, అందుకే ఆ పేరు. మొదటి ఏడాది 20 మంది మగవాళ్లని, 20 మంది ఆడవాళ్లని కాంట్రాక్ట్ మీద తీసుకున్నారు, మిగిలిన చోట్లు వైల్డ్‌కార్డులకి, అంటే కాంట్రాక్ట్ లేకుండా ఆ రేస్ వరకే పిలిచినవాళ్లకి. ఆ ఏడాది ఒక్కో రేస్‌కి ప్రైజ్ మనీ 2,50,000 డాలర్లు, గెలిచినవాళ్లకి 25,000, ఏడాది మొత్తానికి మొదటొచ్చినవాళ్లకి 2,10,000. 2024లో మగవాళ్లలో బెల్జియం మార్టెన్ వాన్ రీల్, ఆడవాళ్లలో అమెరికా టేలర్ నిబ్ గెలిచారు. కాంట్రాక్ట్ ఎందుకంటే, టీవీ వాళ్లకీ టికెట్ కొనేవాళ్లకీ ఫలానా మనుషులు వస్తారని ముందే చెప్పాలి కదా, క్రికెట్లో టీమ్ ముందే తెలిసినట్టు. సింగపూర్ రేస్ చూద్దామని చెన్నైలో ఫ్లైట్ ఎక్కేవాడు కూడా ఆ పేర్లు చూసే టికెట్ తీసుకుంటాడు.

రెండోది ఐరన్‌మ్యాన్ ప్రో సిరీస్, అది కూడా 2024లోనే వచ్చింది. ఇక్కడ సంతకాల్లేవు, ఏ ప్రో అయినా లిస్టులో ఉన్న రేసుల్లో దిగి పాయింట్లు తెచ్చుకోవచ్చు. మొదటి ఏడాది లెక్క ప్రకారం ఫుల్ ఐరన్‌మ్యాన్ గెలిస్తే 5,000, 70.3 అని దాంట్లో సగం దూరం ఉండే రేస్ గెలిస్తే 2,500, వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లకి ఇంకొంచెం ఎక్కువ, 6,000, 3,000. గెలిచినవాడి కన్నా ఎన్ని సెకన్లు వెనకపడితే అన్ని పాయింట్లు పోతాయి, అంటే ఫుల్ రేస్‌లో 10 నిమిషాలు వెనక వస్తే 600 పోయి 4,400 మిగులుతాయి. మంచివి ఐదు రేసులే లెక్క, అందులో ఫుల్ మూడుకి మించకూడదు. మొత్తం బోనస్ 17 లక్షల డాలర్లు, మొదటివాళ్లకి 2 లక్షలు, మొదటి ఏడాది ఇటలీ గ్రెగరీ బార్నబీ, బ్రిటన్ క్యాట్ మాథ్యూస్ తీసుకున్నారు.

ఈ రెండింటికీ తేడా గమనించండి. మొదటిదాంట్లో కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లు రాకపోతే మాట తప్పినట్టు, రెండోదాంట్లో రాకపోతే పాయింట్లు తప్ప ఏం పోదు, పైగా చెత్త రేసులు తీసేసే వెసులుబాటుంది. మన దగ్గర స్పాన్సర్లు రాసేవి చాలావరకు మొదటి రకం బరువు మోపుతాయి కానీ మొదటి రకంలో ఉండే డబ్బు గానీ ఒప్పందం మాట్లాడే మేనేజర్ గానీ ఉండరు. మావాడి పేపర్‌లో ఆరుకి ఆరు రేసులు. ఒక్కటి కూడా వదులుకునే వీల్లేదు. మీ చేతికొచ్చిన పేపర్ ఏ రకమో ముందు అది తేల్చుకోండి.

సంతకానికి ముందు క్యాలెండర్

పేపర్ పక్కన పెట్టి గోడ క్యాలెండర్ తీస్కోండి, నెలనెలా ఉండేది, తిథులున్నదైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఇంట్లో పెళ్లిళ్లూ పండగలూ కూడా ఇందులోనే పడాలి. ముందు పరీక్షలు రాయండి. తర్వాత రేసులు. తర్వాత ఒక్కో రేస్‌కి ముందు ప్రయాణం, తర్వాత కోలుకునే రోజులు. గోవా 70.3కే చూడండి, 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈత, 90 సైకిల్, 21.1 రన్, అక్కడి ఉక్కపోతలో. బెంగళూరు సముద్రమట్టానికి దగ్గర దగ్గర 900 మీటర్ల ఎత్తు, పొద్దున చల్లగా ఉంటుంది, ఇక్కడ ట్రైనింగ్ చేసిన ఒళ్లు ఆ ఉక్కకి అలవాటు పడాలంటే 10 నుంచి 14 రోజులు పడుతుంది. చెన్నై పిల్లలకి ఈ బాధ లేదు, వాళ్లు ఏడాదంతా ఉక్కలోనే పరిగెత్తుతారు. బెంగళూరువాళ్లు మాత్రం ఆ రెండు వారాలు ముందే వెళ్లి అక్కడ ఉండాలా, లేక ఇక్కడే మధ్యాహ్నం ఎండలో మెల్లగా అలవాటు చేస్కోవాలా అన్నది క్యాలెండర్‌లో రాస్కోవాలి, ఆ ఖర్చు ఎవరిదో పేపర్‌లో రాయించుకోవాలి.

ఇవన్నీ రాశాక ఆరు రేసులు పట్టాయా? మావాడికి ఇప్పుడు కూర్చుని రాస్తే నాలుగే పట్టాయి. మనిషి ఏడాదికి ఒకసారైనా జ్వరమో దెబ్బో తగలకుండా ఉండడు, కాబట్టి నాలుగు పడితే మూడుకే ఒప్పుకోండి. కంపెనీవాళ్లు ఆరు అంటే, ఆరు ఎంట్రీ వేస్తాం, కనీసం మూడు స్టార్ట్‌లు గ్యారంటీ, మిగతావి ఆరోగ్యాన్ని బట్టి అని అడగండి, స్టార్ట్‌కి ఇంత అని లెక్క కట్టమనండి. సగం మంది ఒప్పుకుంటారు, అడిగేవాళ్లే ఉండరు.

ఏ మాటల దగ్గర ఆగాలి

పేపర్ ఇంగ్లీష్‌లో ఉంటుంది, అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో తెలుగులో చెప్పించుకుని ప్రతి లైన్ పక్కన మీ మాటల్లో రాస్కోండి. 18 ఏళ్లు నిండని పిల్లలు సంతకం పెడితే ఆ ఒప్పందం చెల్లదు, 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టం ప్రకారం అంతే, కాబట్టి మీ పిల్లాడికి 17 ఉంటే వాడి చేత నేరుగా సంతకం పెట్టించే కంపెనీని అక్కడే ఆపండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆరోగ్యం క్లాజ్. ఇందులో నాలుగు సంగతులు తేలాలి. రేస్‌కి దిగొద్దని ఎవరు చెప్తే చెల్లుతుంది? మీ డాక్టర్ మాట చాలాలి, కంపెనీ డాక్టరే చూడాలంటే కనీసం ఇద్దరి మాటా లెక్కలోకి రావాలి. ఎన్ని రోజుల్లో చెప్పాలి? జ్వరం రేస్ ముందురోజు కూడా రావొచ్చు, కాబట్టి 15 రోజుల ముందు నోటీస్ అని ఉంటే జ్వరానికి అది పనికిరాదు, తెలిసిన 24 గంటల్లో చెప్పాలి అని మార్పించుకోండి. చెప్పాక డబ్బు ఏమవుతుంది? ఆ రేస్ వాటా ఆగొచ్చు, అది న్యాయమే, ముందు రేసులకి ఇచ్చింది వెనక్కి అడిగే మాట మాత్రం ఉండకూడదు. నాలుగోది, తిరిగి దిగడానికి ఎవరు అనుమతివ్వాలి. మావాడి పేపర్‌లో ఈ నాలుగూ లేవు. అనారోగ్యం అన్న మాటే లేదు. గైర్హాజరైతే ఏడాది మొత్తం డబ్బు వెనక్కి అని మాత్రం ఉంది, ఆ ఒక్క లైన్ భయంతోనే డెంగీ ఒంటితో ఆ పిల్లాడు సముద్రంలో దిగాడు.

ఆ లైన్ గురించి ఒకటి చెప్పాలి. పెనాల్టీ ఇంత అని రాసినంత మాత్రాన అంతా కట్టాల్సిందేనని లేదు, మన చట్టం ప్రకారం కోర్టు ఆ అంకెకి మించకుండా న్యాయంగా ఎంతో అంతే ఇప్పిస్తుంది. మనిషి సొంత శక్తి మీద ఆధారపడిన పనిని నువ్వు చేసి తీరాల్సిందే అని కోర్టు కూడా బలవంతం చెయ్యదు. ఇది మాకు అప్పుడు తెలిసుంటే ఆ ఫోన్‌కి వేరే జవాబు చెప్పేవాళ్లం. మీ పేపర్‌కి వచ్చేసరికి ఒక లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు మంచి షూ జత ఖర్చు కన్నా ఎక్కువేం అవ్వదు.

రేస్ ఆర్గనైజర్ వాయిదా వేస్తే ఏంటి అన్నది కూడా చూడండి. పారిస్ ఒలింపిక్స్‌లోనే సీన్ నది నీళ్లు బాలేవని మగవాళ్ల ట్రయాథ్లాన్ 2024 జూలై 30 నుంచి 31కి జరిపారు, అంత పెద్ద చోటే అట్లా అయితే మన చెరువులూ మన వానలూ ఎంత. వాయిదా పడ్డ రేస్ మీ ఇంకో రేస్ మీద పడితే ఏది వదలాలో మీరే నిర్ణయించుకునేలా ఉండాలి.

డబ్బు విషయం చిన్నగా చెప్పేస్తా. నగదు కాకుండా సైకిలో వాచో ఇచ్చినా ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే దాని విలువ మీద 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, లెక్క వస్తుంది, 2022 జూలై నుంచి ఉన్న రూల్ ఇది, ఆ పన్ను ఎవరు కడతారో ముందే అడగండి. డబ్బు తీస్కుని పెట్టే పోస్టుకి ఇది యాడ్ అని స్పష్టంగా రాయాలి.

సప్లిమెంట్ కంపెనీ అయితే రెండుసార్లు ఆలోచించండి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే కెరీరే పోతుంది. పౌడర్లు, జెల్స్ అమ్మే కంపెనీలు మా ప్రొడక్ట్ వాడాలి అని రాయిస్తాయి. డోపింగ్ రూల్ ఏంటంటే మీ ఒంట్లో నిషేధించిన పదార్థం దొరికితే అది ఎట్లా వచ్చిందన్నది తర్వాత, బాధ్యత ముందు మీదే. డబ్బాలో ఏముందో నాకు తెలియదు, స్పాన్సర్ ఇచ్చాడు అంటే కుదరదు. అందుకని వాడాలి అన్న మాట తీయించి, బ్యాచ్ టెస్ట్ అయిన సరుకే, అంటే నిషేధించిన పదార్థాలు లేవని ఆ బ్యాచ్‌ని పరీక్షించిన సరుకే ఇవ్వాలి, ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి గుర్తు లేని డబ్బా వాడను అని రాయించండి. మందులకైతే మన దేశంలో డోపింగ్ సంగతి చూసే నాడా వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో పేరు కొట్టి చూస్కోండి, ఆస్తమా ఇన్హేలర్ లాంటివి ఉంటే ముందే అనుమతి కావాలేమో కనుక్కోండి.

సెలైన్ సంగతి మన ఊళ్లవాళ్లకి తప్పక చెప్పాలి. నీరసంగా ఉందంటే చాలు ఒక బాటిల్ ఎక్కించుకో, ఓపికొస్తుంది అంటారు, మా పిన్ని కూడా ఫోన్లో అదే చెప్పింది. పోటీలకి దిగే అథ్లెట్ 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి ఐవీ ఎక్కించుకోవడం నిషేధం, హాస్పిటల్ ట్రీట్‌మెంట్‌లో భాగమైతే, ఆపరేషన్ అయితే, క్లినికల్ పరీక్ష కోసమైతే తప్ప. డెంగీతో అడ్మిట్ అయ్యి డాక్టర్ ఎక్కిస్తే ఇబ్బంది లేదు, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్తగా దాచుకోండి. వీధి చివర క్లినిక్‌లో ఓపిక కోసం ఎక్కించుకుంటే మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే.

ఇంకా పైకి వెళ్తే టెస్టింగ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా వచ్చి డోపింగ్ పరీక్ష చేసే అథ్లెట్ల లిస్టులో, పేరు పడుతుంది, అప్పుడు రోజూ ఒక 60 నిమిషాలు ఎక్కడ దొరుకుతారో ముందే చెప్పాలి, 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అదే నేరం. స్పాన్సర్ సడన్‌గా షూట్ ఉంది హైదరాబాద్ రా అంటే వెళ్లే ముందు అది అప్‌డేట్ చెయ్యాలి, ఈ సంగతి స్పాన్సర్‌కి కూడా తెలిసుండాలి.

ఒత్తిడికీ డోపింగ్‌కీ సంబంధం లేదనుకోకండి. కాలిన్ షార్టియర్ అని అమెరికా అథ్లెట్, 2022లో పీటీఓ యూఎస్ ఓపెన్ గెలిచాడు, ఒక్కసారిగా పేరొచ్చింది, 2023లో ఈపీఓ అనే నిషేధించిన మందుతో దొరికి మూడేళ్ల నిషేధం పడింది. పెద్ద రేసులు గెలవాలన్న అంచనాల ఒత్తిడిలో దారి తప్పానని తనే ఒప్పుకున్నాడు. నేను అతన్ని సమర్థించడం లేదు. ఇంట్లో ఒక పిల్లాడు ఇట్లా పైకొస్తుంటే అంచనాల బరువు ఎంత పడుతోందో రోజూ గమనించాల్సిన బాధ్యత మనది అని చెప్తున్నా.

జనం ఎదురుచూపులు

కాంట్రాక్ట్‌లో లేని కాంట్రాక్ట్ ఇంకోటుంది, అది జనంతో. మావాడు మొదటి రేస్‌లో వయసు గ్రూప్‌లో రెండోవాడు వచ్చేసరికి హిందూపురంలో మా మామ ఫ్లెక్సీ కట్టించాడు, కాలేజీవాళ్లు సన్మానం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అందరూ నెక్స్ట్ ఫస్ట్ రావాలి అని. ప్రేమే అదంతా. కానీ డెంగీ అప్పుడు మామ ఫోన్ చేసి ఏమప్పా ఈసారి పోవడం లేదంట, అందరికీ చెప్పినామే అన్నాడు, ఆ మాటకి పిల్లాడి మొహం మాడిపోవడం నేను చూశా, కంపెనీ ఫోన్ కన్నా అదే వాణ్ని ఎక్కువ తోసింది.

పెద్దవాళ్లనే చూడండి. లూసీ చార్ల్స్ బార్‌క్లే 2023లో హవాయి కోనాలో ఐరన్‌మ్యాన్ వరల్డ్ ఛాంపియన్, 2024లో ఫ్రాన్స్ నీస్‌లో టైటిల్ నిలబెట్టుకోవాల్సిన మనిషి, పిక్క గాయంతో అసలు స్టార్టే చెయ్యలేదు. 2025 అక్టోబర్‌లో కోనాలో ఆమే రన్‌లో ఆగిపోయింది, తర్వాత ముందున్న టేలర్ నిబ్ కూడా ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఎండదెబ్బకి కూలబడింది, నార్వే సోల్వెగ్ లోవ్‌సెత్ గెలిచింది. ప్రపంచంలో అందరికన్నా బాగా తయారైనవాళ్లకి, వెనక డాక్టర్లూ కోచ్‌లూ ఉన్నవాళ్లకి అట్లా అయితే, క్లాసులూ ట్రైనింగూ రెండూ లాగే మన పిల్లలకి అవ్వదా. ఇవి మీ ఇంట్లోవాళ్లకి చూపించండి, నేను మామకి నిబ్ వీడియో చూపించాకే ఆయనకి అర్థమైంది, అంత దూరమొచ్చి పడిపాయ కదమ్మా ఆ పాప అని చాలాసేపు కూర్చున్నాడు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది, అది ఎక్కువ ప్రమాదం. న్యూజిలాండ్ హేడెన్ వైల్డ్‌ని 2025 మేలో టోక్యోలో ట్రైనింగ్‌లో ఉండగా ట్రక్ గుద్దింది, పక్కటెముకలు, భుజం ఎముక, ఊపిరితిత్తి, అన్నిటికీ దెబ్బ, ఆగస్టులో లండన్ టీ100కి తిరిగొచ్చి గెలిచాడు. గొప్ప సంగతే, నేనూ చూసి ఏడ్చాను. కానీ ఆ వీడియో పంపించి చూడు వాడు మూడు నెలల్లో వచ్చాడు నువ్వు జ్వరానికే పడుకున్నావ్ అని ఎవరైనా అంటే ఆ మనిషితో కొన్నాళ్లు మాట్లాడకపోయినా తప్పు లేదు. డెంగీ తర్వాత నీరసం కొందరికి వారాల తరబడి ఉంటుంది, ఎముక విరిగిందానికీ దీనికీ పోలికే లేదు. పొద్దున లేవగానే హార్ట్ రేట్ మామూలు కన్నా ఎక్కువుందంటే, మెట్లెక్కితే ఆయాసమొస్తుందంటే ఒళ్లు ఇంకా కోలుకోలేదని. ఇంకోటి, డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేస్కోకండి, రక్తస్రావం ప్రమాదం, అథ్లెట్ల కిట్‌లో ఇవి ఎప్పుడూ ఉంటాయి కాబట్టి చెప్తున్నా.

దిగడం లేదని ఎట్లా చెప్పాలి

వరస ముఖ్యం. మొదట డాక్టర్, కోచ్, ఇంట్లో ఒకరు, ఈ ముగ్గురితో కూర్చుని నిర్ణయం అయిపోవాలి. తర్వాత రేస్ ఆర్గనైజర్‌కి మెయిల్, ఎంట్రీ వాయిదాకి గడువుంటే అది పోకుండా. అదే రోజు స్పాన్సర్‌కి ఫోన్, ఫోన్ అయ్యాక మళ్లీ మెయిల్, మెడికల్ పేపర్ జతచేసి. ఆ తర్వాతే జనానికి. స్పాన్సర్ మీ విషయం మీ ఇన్‌స్టాలో చూసి తెలుసుకుంటే వాళ్లకి కోపం రావడం న్యాయం.

మావాడికి అప్పుడు రాయడానికి చెయ్యి రాలేదు, ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఒకటి రాసి పెట్టుకున్నాం, ఎవరైనా వాడుకోవచ్చు:

ఈ ఆదివారం రేస్‌లో నేను దిగడం లేదు. 9వ తేదీ నుంచి డెంగీ, జ్వరం తగ్గింది కానీ ఇంకో నాలుగు వారాలు పరిగెత్తొద్దని డాక్టర్ అన్నారు. ఆర్గనైజర్లకీ స్పాన్సర్‌కీ చెప్పాను. నాకోసం వద్దామనుకున్నవాళ్లకి సారీ, రేస్ రోజు నేను నీళ్ల స్టాల్ దగ్గర ఉంటా, వచ్చి కలవండి. మళ్లీ ఎప్పుడు దిగేది డాక్టర్ చూశాక చెప్తా.

మొదటి లైన్‌లోనే దిగడం లేదు అని ఉంది, చూడండి. ప్రయత్నిస్తా, చూద్దాం, దేవుడి దయ అంటే జనం వస్తాడనే అనుకుంటారు, బస్ టికెట్లు బుక్ చేస్కుంటారు. కారణం ఒక్క లైన్, రిపోర్టులు ఫోటో తీసి పెట్టక్కర్లేదు, మీ ఒంటి వివరాలు అంతకన్నా ఎవరికీ అవసరం లేదు. తిరిగొచ్చే తేదీ ఇవ్వలేదు, ఇస్తే అది ఇంకో కాంట్రాక్ట్ అయి కూర్చుంటుంది. నీళ్ల స్టాల్ మాట మాత్రం ఒట్టి మర్యాదకి పెట్టకండి, ఒంట్లో ఓపికుంటేనే రాయండి, రాస్తే వెళ్లండి, స్పాన్సర్‌కి కావాల్సిన ఫోటో కూడా అక్కడే దొరుకుతుంది, టీషర్ట్ మీద వాళ్ల లోగోతోనే.

కామెంట్లలో తిట్టేవాళ్లుంటారు. మొదటి రెండు రోజులు ఫోన్ ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేయండి, నేను అదే చేస్తా అన్నాను వాడితో. డబ్బు పెట్టి చూడ్డానికొచ్చినవాడు నిరాశ పడటంలో తప్పు లేదు, వాళ్లకి ఒక్కసారి మర్యాదగా జవాబు చాలు. అబద్ధం అనేవాళ్లకి అసలు జవాబే వద్దు.

చూసేవాళ్లకి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో అథ్లెట్ల కన్నా వాళ్ల అన్నలూ అక్కలూ మామలే ఎక్కువ ఉంటారు. రిజల్ట్ షీట్‌లో డీఎన్ఎస్ అంటే స్టార్ట్ చెయ్యలేదని, డీఎన్ఎఫ్ అంటే మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదని, డీఎస్‌క్యూ అంటే రూల్ తప్పినందుకు తీసేశారని. ఈ మూడింటినీ ఒకటే కట్టకి కట్టి ఓడిపోయాడు అనకండి. రేస్ ముందు ఫోన్ చేస్తే ఎన్నో ప్లేస్ అని అడక్కండి, తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. ఫ్లెక్సీ కట్టాలనుకుంటే రేస్ అయ్యాక కట్టండి.

మావాడు ఈ ఏడాది ఇంకో చోట మాట్లాడాడు. ఈసారి పేపర్ ముందు నా దగ్గరికే వచ్చింది, అక్కా చూడు అని టేబుల్ మీద పెట్టి తను పూల్‌కి పోయాడు. ఐదు ఎంట్రీలు, మూడు స్టార్ట్‌లు గ్యారంటీ, డాక్టర్ మాట చెల్లుతుంది, 24 గంటల నోటీస్, పాత డబ్బు వెనక్కి అడగరు. సప్లిమెంట్ లైన్ ఒక్కటి ఇంకా తేలలేదు, వాళ్లు వాడాలి అంటున్నారు, మేం బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ అడిగాం. అది వచ్చేదాకా సంతకం లేదు.